అభిరుచి ఎక్కడ ముగుస్తుంది? వ్యాపారం ఎక్కడ మొదలవుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరంలో స్మృతి నగర్ ఒక నివాస కాలనీ. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఏర్పడి, 1959 ఫిబ్రవరిలో తొలి కొలిమిని వెలిగించిన భిలాయి కర్మాగారం దేశం నలుమూలల నుంచి కార్మికులను, ఇంజనీర్లను రప్పించింది. వారిలో తెలుగువారు, ముఖ్యంగా ఉత్తరాంధ్ర జిల్లాలవారు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నారు. రెండు తరాలు గడిచేసరికి ఎందరో పదవీ విరమణ చేసి ఇక్కడే స్థిరపడ్డారు. చేతిలో తీరిక ఉన్నది, నేర్చిన విద్య ఉన్నది, నాలుగు రాళ్లు వస్తే కాదనే పరిస్థితి లేదు. సరిగ్గా ఇక్కడే ఆదాయపు పన్ను చట్టం ఒక ఇరకాటమైన ప్రశ్న వేస్తున్నది: మీరు చేస్తున్నది కాలక్షేపమా, వ్యాపారమా?

ఇటువంటి కాలనీలో ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటి పెద్ద కర్మాగారం నుంచి పదవీ విరమణ చేసి మేడమీద, పెరట్లో మొక్కలు పెంచుతున్నారు. అడిగినవారికి నారు, అంట్లు అమ్ముతున్నారు. ఆరు పదులు దాటిన ఆయన భార్య ఏటా వేసవిలో ఆవకాయ, మాగాయ, ఏడాది పొడవునా గోంగూర పచ్చడి పెట్టి తెలుగు కుటుంబాలకు ఇస్తున్నారు. మొదట ఊరకే ఇచ్చేవారు, తరువాత ఖర్చులు తీసుకున్నారు, ఇప్పుడు సీసాకు ధర నిర్ణయించారు. కర్మాగారంలోనే పనిచేస్తున్న కుమారుడు సెలవు దినాలలో కెమెరా భుజాన వేసుకొని పెళ్లిళ్లకు వెళుతున్నాడు. ముగ్గురూ తమది అభిరుచి అనే అంటారు. పన్ను చట్టం దృష్టిలో మాత్రం ముగ్గురి సమాధానాలు మూడు రకాలు.

ఇప్పుడే ఎందుకు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే ఒకప్పుడు ఇటువంటి రాబడి నోట్ల రూపంలో చేతులు మారేది, వంటింటి డబ్బాలలో ఉండిపోయేది. నేడు ఫోను ద్వారా చెల్లింపు నిత్యకృత్యమైంది. ప్రతి రూపాయి బ్యాంకు ఖాతాలో ఆనవాలు వదులుతున్నది. 2021 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ ప్రవేశపెట్టిన వార్షిక సమాచార నివేదికలో పన్ను చెల్లింపుదారుకు చెందిన వడ్డీలు, డివిడెండ్లు, వాటాల క్రయవిక్రయాలు, మూలం వద్ద కోసిన పన్ను ఒక్కచోట కనిపిస్తాయి. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ ఫోను చెల్లింపుల వివరాల ఆధారంగా చిరు వర్తకులకు నోటీసులు పంపడం, బెంగళూరులో కొందరు దుకాణదారులు నగదు మాత్రమే తీసుకుంటామని బోర్డులు పెట్టడం విదితమే. అవి వస్తుసేవల పన్నుకు సంబంధించిన నోటీసులే. అయినా చిన్న రాబడి ఇకపై కంటికి కనబడనిదిగా ఉండబోదన్న హెచ్చరిక అందులో ఉన్నది.

దీనికి తోడు పన్ను మదింపు విధానమూ మారింది. ముఖపరిచయం లేని మదింపు వచ్చిన తరువాత అధికారికి మీ పెరడు కనిపించదు, మీ పచ్చడి జాడీలు కనిపించవు. ఎక్కడో మరో నగరంలో కూర్చున్న అధికారి ముందు మీ బ్యాంకు పద్దులు, మీ రిటర్ను, మీరు పంపిన వివరణ మాత్రమే ఉంటాయి. ‘ఇది నా సరదా’ అని ఎదురుగా కూర్చొని నచ్చజెప్పే అవకాశం దాదాపు లేదు. కాగితాలే మాట్లాడాలి.

ఆరు దశాబ్దాలకు పైగా అమలులో ఉన్న 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం–2025కు 2025 ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం లభించింది. 2026 ఏప్రిల్ 1ని దాని అమలు తేదీగా నిర్ణయించారు. భాషను సరళం చేసినా, సెక్షన్ల సంఖ్యలు మార్చినా, అభిరుచి అంటే ఏమిటో కొత్త చట్టమూ నిర్వచించలేదు. పాఠకులకు పరిచితమైనవి గనుక ఈ వ్యాసంలో 1961 చట్టపు సంఖ్యలనే వాడుతున్నాము.

చట్టం చెప్పనిది, న్యాయస్థానాలు చెప్పినది

సెక్షన్ 2(13) ప్రకారం వర్తకం, వాణిజ్యం, వస్తూత్పత్తి, లేదా ఆ స్వభావం గల ఏ ప్రయత్నమైనా వ్యాపారంలో చేరుతుంది. ఇంత విశాలమైన నిర్వచనానికి సరిహద్దులు గీసే బాధ్యత న్యాయస్థానాలపై పడింది. ఈ విషయంలో తరచు ఉదహరించే తీర్పులలో ఒకటి హైదరాబాద్ ప్రాంతానికి చెందినది కావడం గమనార్హం.

తోళ్లు ఊనే అబ్దుల్ బఖీ అండ్ బ్రదర్స్ అనే సంస్థ, తోళ్లు ఊనేందుకు కావలసిన చెట్టు బెరడును కొనుగోలు చేసింది. ఆ కొనుగోలుపై హైదరాబాద్ అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను వేయవచ్చా అన్నది వివాదం. 1964లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, వ్యాపారం అనే మాటకు పన్ను చట్టాలలో ఉన్న అర్థాన్ని విశదీకరించింది. మనిషి కాలాన్ని, శ్రద్ధను, శ్రమను వినియోగించుకునేదిగా, సాధారణంగా లాభార్జన ధ్యేయంగా సాగేదిగా దానిని వర్ణించింది. లావాదేవీలు వరుసగా సాగాలి, లేదా సాగించాలన్న ఉద్దేశమైనా ఉండాలి. అవి ఆటకో, ఆనందానికో చేసేవి కాకూడదు. అమ్మకపు పన్ను కేసులో వచ్చిన ఈ వివరణ, అభిరుచికీ వ్యాపారానికీ ఉన్న తేడాను ఒక్క వాక్యంలో ఇమిడ్చినట్లయింది.

దీనికి ముందే, 1958 నవంబరులో, కోయంబత్తూరుకు చెందిన జి.వెంకటస్వామి నాయుడు అండ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు మరో కోణాన్ని స్పష్టం చేసింది. జనార్దన మిల్లుకు మేనేజింగ్ ఏజెంట్లుగా ఉన్న ఆ సంస్థ మిల్లు పక్కనున్న నాలుగు స్థలాలను కొని, కొన్నేళ్ల తరువాత 1947లో ఆ మిల్లుకే అమ్మింది. వచ్చిన లాభం రూ. 43,887. స్థలాల వ్యాపారం తమ వృత్తి కాదని సంస్థ వాదించింది. లాభానికి తిరిగి అమ్మాలన్న ఉద్దేశంతోనే కొన్నందున, ఒంటరి లావాదేవీ అయినా అది వర్తక స్వభావం గలదేనని కోర్టు నిర్ణయించింది. ఏ ఒక్క కొలబద్దా అన్ని కేసులకూ సరిపోదని, పరిస్థితులన్నిటినీ కలిపి చూడాలని కూడా పేర్కొన్నది.

అదే ఏడాది వచ్చిన మరో తీర్పు సామాన్యులను ఆశ్చర్యపరుస్తుంది. తిరువాన్కూరు పోలీసు శాఖలో పనిచేసి విరమించిన పి.కృష్ణ మీనన్ వేదాంత బోధనలో కాలం గడిపేవారు. ఆయన శిష్యుడైన ఒక విదేశీయుడు పెద్ద మొత్తాలు ఆయన ఖాతాకు బదిలీ చేశాడు. గురువు సొమ్ము అడగలేదు, లాభాపేక్ష లేదు. అయినప్పటికీ బోధన ఆయన చేపట్టిన వృత్తి అని, ఆ సొమ్ము దాని నుంచి పుట్టిన ఆదాయమేనని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అంటే వర్తకానికి లాభాపేక్ష ముఖ్య లక్షణం. వృత్తికి, వ్యాసంగానికి అది తప్పనిసరి కాదు. సంగీతమో నృత్యమో నేర్పుతూ ‘నేను ఫీజు అడగను, ఇచ్చినది పుచ్చుకుంటాను’ అనేవారు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

ఈ తీర్పులను కలిపి చదివితే కొన్ని గుర్తులు తేలుతాయి. పని ఎంత తరచుగా జరుగుతున్నది? అమ్మే ఉద్దేశంతోనే సరకు కొంటున్నారా, తయారు చేస్తున్నారా? ధర నిర్ణయించారా, ఖర్చులు మాత్రమే పంచుకుంటున్నారా? బయటివారికి తెలిసేలా ప్రచారం చేస్తున్నారా? లెక్కలు రాస్తున్నారా? సహాయకులను పెట్టుకున్నారా? వీటిలో ఏ ఒక్కటీ తుది తీర్పు కాదు. అన్నిటి సారమే ముఖ్యం. ఆ పని చేయడంలో మీకు ఆనందం ఉన్నదా అన్నది మాత్రం నిర్ణాయకం కాదు. వృత్తిని ప్రేమించే వైద్యుడికి పన్ను మినహాయింపు ఏదీ లేదు కదా.

అమెరికాలో ఒక తీరు, ఇక్కడ మరో తీరు

ఈ చర్చ ప్రపంచంలో ఎక్కువగా వినిపించేది అమెరికాలో. అక్కడ వ్యాపార నష్టాన్ని జీతం నుంచి మినహాయించుకునే వీలున్నది. అందువల్ల సంపన్నులు తమ గుర్రాలను, విలాసపు పొలాలను వ్యాపారమని చూపి పన్ను తగ్గించుకోవడం ఆనవాయితీ అయింది. దీనిని అరికట్టేందుకు 1969 పన్ను సంస్కరణల చట్టం ద్వారా సెక్షన్ 183 తెచ్చారు. వరుసగా 5 సంవత్సరాలలో 3 సంవత్సరాలు లాభం చూపితే వ్యాపారమని ప్రాథమికంగా భావిస్తారు. గుర్రాల విషయంలో 7 సంవత్సరాలలో 2 చాలు. లేనిపక్షంలో 9 అంశాల ఆధారంగా పరిశీలిస్తారు. 2018 నుంచి అభిరుచి రాబడిపై పన్ను కట్టాలి, దానికైన ఖర్చులను మాత్రం మినహాయించుకోరాదు. 2025లో వచ్చిన చట్టం దీనిని శాశ్వతం చేసింది. అక్కడి తెలుగు కుటుంబాలలో కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్పేవారికి ఇది నేరుగా వర్తించే విషయం. హెచ్–1బి వీసాపై ఉన్నవారికి మరో చిక్కు: వీసా ఇప్పించిన యజమాని వద్ద తప్ప మరొక సంపాదన పని చేయరాదు.

మన దేశంలో కథ తలకిందులుగా ఉన్నది. 2005–06 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి సెక్షన్ 71(2ఎ) ప్రకారం వ్యాపార నష్టాన్ని జీతం ఆదాయం నుంచి తీసివేయడానికి వీలులేదు. కాబట్టి ఉద్యోగి తన సరదాను వ్యాపారమని చెప్పుకొని జీతంపై పన్ను తగ్గించుకునే మార్గం ఇక్కడ మూసుకుపోయింది. చట్టం సరదా నష్టాన్ని విడిగా గుర్తించి కట్టడి చేసిన ప్రముఖ సందర్భం పందెపు గుర్రాలది. సెక్షన్ 74ఎ ప్రకారం పందెపు గుర్రాల పోషణలో వచ్చిన నష్టాన్ని ఆ రాబడిలోనే సర్దుకోవాలి. 4 సంవత్సరాలు మాత్రమే ముందుకు తీసుకుపోవచ్చు. మలక్‌పేట పందేల మైదానంలో గుర్రాన్ని నిలిపే హైదరాబాద్ యజమానికి ఇది తెలిసిన సంగతే.

ఇక్కడి పన్ను చెల్లింపుదారు అమెరికావాసి వలె ‘నాది వ్యాపారం’ అని పోరాడడు. ‘నాది వ్యాపారం కాదు’ అని తప్పించుకోవాలని చూస్తాడు. ఆ మాట అన్నంత మాత్రాన పన్ను తప్పుతుందనుకోవడం పొరపాటు. వ్యాపారం కాని రాబడి ‘ఇతర మార్గాల ఆదాయం’ కిందకు వస్తుంది. ఒకప్పుడు సెక్షన్ 10(3) కింద యాదృచ్ఛికంగా, అరుదుగా వచ్చే రాబడికి ఏడాదికి రూ. 5,000 వరకు మినహాయింపు ఉండేది. 2002 ఆర్థిక చట్టం దానినీ తొలగించింది. పేరు ఏదైనా ఆదాయం ఆదాయమే.

పేరు మారితే ఏమి మారుతుంది?

పన్ను తప్పనప్పుడు పేరుతో పని ఏమిటని అడగవచ్చు. పేరును బట్టి మారేవి నాలుగు: ఖర్చుల మినహాయింపు, ముందస్తు పన్ను, పన్ను విధానం ఎంపిక, ఉద్యోగ నియమాలు. మన ఊహాగృహంలోని ముగ్గురి లెక్కలు చూద్దాం.

కుమారుడు రూ. 1,50,000 పెట్టి కెమెరా కొన్నాడనుకుందాం. ఏడాదిలో పెళ్లిళ్ల ద్వారా రూ. 60,000 వచ్చింది, ప్రయాణాలు, ఆల్బములు, సహాయకుని కూలికి రూ. 50,000 అయింది. వ్యాపారమంటే కెమెరాపై 15 శాతం చొప్పున రూ. 22,500 తరుగుదల చూపవచ్చు. అప్పుడు రూ. 12,500 నష్టం తేలుతుంది. దానిని జీతం నుంచి తీసివేయలేడు. గడువులోగా రిటర్ను దాఖలు చేస్తే 8 సంవత్సరాల వరకు వ్యాపార లాభాలతో సర్దుబాటు చేసుకోవచ్చు. ఇతర మార్గాల ఆదాయమంటే ఆ రాబడి కోసమే పూర్తిగా పెట్టిన ఖర్చును మాత్రమే మినహాయిస్తారు. సొంత కెమెరాపై తరుగుదల దొరకదు. రూ. 10,000పై పన్ను కట్టాలి. సొంత సరదాకు చేసిన విహారయాత్రల ఖర్చు రెండింటిలోనూ చెల్లదు.

తల్లిగారి పచ్చళ్ల సంగతి వేరు. ఏడాదికి రూ. 3,60,000 అమ్మకాలు, సీసాకు ధర, వారం వారం ఆర్డర్లు ఉంటే అది వ్యాపారం కాదని వాదించడం కష్టం. ఇది ఆమెకు నష్టం కాదు, ఒక విధంగా మేలు. సెక్షన్ 44ఎడి కింద రూ. 2 కోట్ల లోపు అమ్మకాలు గల చిన్న వ్యాపారులు బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలపై 6 శాతం, నగదు అమ్మకాలపై 8 శాతం లాభంగా చూపి, సవివరమైన ఖాతా పుస్తకాల బాదరబందీ లేకుండా రిటర్ను వేయవచ్చు. సొమ్మంతా ఫోను ద్వారా వచ్చినదైతే ఆ లెక్కన రూ. 21,600. అయితే 6 శాతం అనేది కనిష్ఠం. మామిడికాయలు, నూనె, కారం, సీసాలు, రవాణాకు రూ. 2,70,000 పోగా రూ. 90,000 మిగిలిందని తన లెక్కలే చెబుతున్నప్పుడు ఆ మొత్తాన్ని చూపడమే న్యాయం. ఈ పద్ధతిని ఎంచుకొని మధ్యలో వదిలితే తరువాతి 5 సంవత్సరాలు మళ్లీ దీనిలోకి రావడానికి వీలుండదు.

దీనికి భిన్నంగా, ఐదారు కుటుంబాలు కలిసి కాయలు, నూనె తెచ్చుకొని ఆమె చేత పచ్చడి పెట్టించుకొని ఖర్చులు మాత్రమే పంచుకుంటే అందులో లాభమే లేదు; దానిని వ్యాపారమనడం సమంజసం కాదు. గీత పడేది ధర ఖర్చును దాటినచోట, ఆ దాటడం అలవాటుగా మారినచోట.

మూడవది తండ్రిగారి మొక్కలు. ఇక్కడ చట్టం అనూహ్యంగా ఉదారంగా ఉన్నది. నర్సరీలో పెంచిన మొక్కలు, నారు ద్వారా వచ్చే రాబడిని వ్యవసాయ ఆదాయంగా పరిగణించాలని 2008 ఆర్థిక చట్టం ఒక వివరణ చేర్చింది. నేలలో పెంచినవా, కుండీలలో పెంచినవా అన్న పాత వివాదం దీనితో చాలావరకు సమసిపోయింది. గోదావరి తీరాన కడియం నర్సరీలకు ఎంత ఊరటో, భిలాయిలో పద్ధతి ప్రకారం నర్సరీ నడిపే పెద్దమనిషికీ అంతే ఊరట. మొక్కలతోపాటు కొని తెచ్చిన కుండీలు, ఎరువులు అమ్మితే మాత్రం ఆ భాగం వ్యాపారమే.

పెద్దలకు దాగి ఉన్న భారం

పదవీ విరమణ చేసినవారు ఎక్కువగా ఉన్న కాలనీలలో అంతగా ప్రచారంలో లేని నిబంధన ఒకటి ఉన్నది. 60 ఏళ్లు నిండిన నివాసులకు, వ్యాపార, వృత్తి ఆదాయం లేనిపక్షంలో, సెక్షన్ 207 కింద ముందస్తు పన్ను నుంచి మినహాయింపు ఉన్నది. పింఛను, వడ్డీ, అద్దె ఎంత ఉన్నా ఏడాది చివర రిటర్నుతోపాటు పన్ను కడితే చాలు. అదే వ్యక్తి రూ. 21,600 పచ్చళ్ల లాభాన్ని వ్యాపార ఆదాయంగా చూపిన వెంటనే ఈ మినహాయింపు మొత్తంగా పోతుంది. పచ్చళ్ల మీదనే కాదు, వడ్డీ మీద, అద్దె మీద కూడా, చెల్లించవలసిన పన్ను రూ. 10,000 లేదా అంతకు మించితే ముందస్తుగా కట్టాలి. సెక్షన్ 44ఎడి పద్ధతిలో ఉన్నవారు మార్చి 15లోగా ఒకే విడతలో కట్టవచ్చు. ఇతరులకు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15వ తేదీలు గడువులు. తప్పితే నెలకు 1 శాతం వడ్డీ.

రెండవ భారం పన్ను విధానం ఎంపికకు సంబంధించినది. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానమే సహజ విధానం. జీతం, పింఛను మాత్రమే ఉన్నవారు ఏటా తమకు లాభమైన విధానాన్ని ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవారు పాత విధానానికి వెళ్లి, తిరిగి కొత్త విధానానికి ఒక్కసారి మాత్రమే రాగలరు. చిన్న పక్క సంపాదన పెద్ద ఆదాయపు లెక్కలను శాసించే పరిస్థితి ఇది.

కొత్త విధానంలో 2025–26 నుంచి రూ. 12 లక్షల వరకు ఆదాయం గలవారికి రాయితీ వల్ల పన్ను లేనందున, చాలా కుటుంబాలకు ఈ బాధ ఉండదన్నది వాస్తవం. కాని జీతం ఆ పరిమితిని దాటిన ఉద్యోగులకు, జీవితకాలపు పొదుపుపై వడ్డీతో బతికే ఎగువ మధ్యతరగతి పెద్దలకు ఇది నిజమైన సమస్యే.

పన్ను శాఖ కంటె ముందు యజమాని

ఉక్కునగరంలో కుమారుని వంటి ఉద్యోగులకు అసలు భయం ఆదాయపు పన్ను శాఖ కాదు, సొంత సంస్థే. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు రూపొందించిన నమూనా నడవడి నియమాల ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి ఏ వర్తకంలోనూ, వ్యాపారంలోనూ పాల్గొనరాదు. గౌరవప్రాతిపదికన చేసే సామాజిక, దాతృత్వ సేవకు, అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, వైజ్ఞానిక కృషికి మాత్రం విధులకు ఆటంకం కలగనంత వరకు అభ్యంతరం లేదు. కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తుంటే ఆ సంగతి సంస్థకు తెలియజేయాలి.

ఇందువల్ల ఉద్యోగి ఇరకాటంలో పడుతున్నాడు. తరుగుదల కోసం రిటర్నులో వ్యాపారమని రాస్తే, అనుమతి లేకుండా వ్యాపారం చేసినట్లు తానే సంతకం చేసి ఇచ్చినట్లవుతుంది. ఉద్యోగం కోసం కళాభిరుచి అని చెబితే, ఖర్చుల మినహాయింపు కుంచించుకుపోతుంది. కొందరు ఈ రెంటినీ తప్పించుకోవడానికి రాబడిని అసలు చూపకుండా వదిలేస్తారు. ఇది అన్నిటికంటె ప్రమాదకరం. ఆదాయాన్ని దాచినందుకు జరిమానా ఒకవైపు, క్రమశిక్షణ చర్య మరోవైపు పొంచి ఉంటాయి.

కళ, కొలువు కలిసి నడవలేవని దీని అర్థం కాదు. భిలాయి సమీపంలోని గనియారిలో పుట్టి, పాండవాని గానంతో ప్రపంచాన్ని చుట్టి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్‌బాయి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసినవారే. సంస్థ తెలిసి ప్రోత్సహిస్తే కళ వర్ధిల్లుతుంది. అనుమతి కోరుతూ ఒక దరఖాస్తు ఇవ్వడానికి వెనుకాడడం వల్లనే చాలా చిక్కులు పుడుతున్నాయి.

సేకరణలు, సేవల పన్ను

సేకరణ అభిరుచిగా గలవారి పరిస్థితి మరో రకం. ఏళ్ల తరబడి ఇంట్లో పెట్టుకున్న చిత్రాలు, శిల్పాలు, కళాఖండాలను అమ్మితే, వాడుకలో ఉన్న వ్యక్తిగత వస్తువులని చెప్పి పన్ను తప్పించుకునే వీలు 2008–09 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి లేదు. వచ్చిన లాభం మూలధన లాభం. నెలకొకటి కొని, నెలకొకటి అమ్ముతుంటే అది సేకరణ కాదు, వర్తకం.

వస్తుసేవల పన్ను చట్టం మరింత విశాలం. అందులోని వ్యాపార నిర్వచనానికి ధనలాభం ఉండాలన్న షరతు కూడా లేదు. చిన్నవారిని కాపాడుతున్నది నిర్వచనం కాదు, రిజిస్ట్రేషన్ పరిమితి మాత్రమే. సేవల విషయంలో అధిక భాగం రాష్ట్రాలలో అది ఏడాదికి రూ. 20 లక్షలు. తినుబండారాలు అమ్మేవారికి ఆహార భద్రత చట్టం–2006 కింద నమోదు బాధ్యత వేరుగా ఉన్నది. పన్ను రిటర్నులో దానిని అభిరుచి అన్నంత మాత్రాన ఈ బాధ్యత తీరదు.

ఏమి చేయాలి?

పన్ను చెల్లింపుదారు చేయవలసినవి కొద్దిపాటి పనులే. అభిరుచి రాబడికి విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉంచుకోవాలి. ఒక నోటు పుస్తకంలో వచ్చినది, ఖర్చయినది తేదీలతో రాయాలి, బిల్లులు దాచాలి. ఇంటి ఖర్చును పని ఖర్చుతో కలపరాదు. ఒక ఏడాది వ్యాపారమని, మరుసటి ఏడాది అభిరుచి అని వీలును బట్టి పేరు మార్చరాదు. పరిస్థితి నిజంగా మారితే ఆ సంగతి రాతపూర్వకంగా ఉండాలి. ఉద్యోగులు అనుమతి పత్రాన్ని రిటర్నుకంటె ముందే సంపాదించుకోవాలి.

ప్రభుత్వం చేయవలసినది ఇంతకంటె ముఖ్యం. బ్రిటన్‌లో 1955లో రాయల్ కమిషన్ వర్తకానికి 6 గుర్తులను క్రోడీకరించింది. 2017 ఏప్రిల్ నుంచి ఏడాదికి 1,000 పౌండ్ల వరకు చిన్న వర్తక రాబడికి అక్కడ పన్ను లేదు. పరిమితి దాటనివారు సాధారణంగా రిటర్ను వేయవలసిన పని కూడా లేదు. మన దగ్గర ఉన్న రూ. 5,000 మినహాయింపును తొలగించి రెండు దశాబ్దాలు దాటింది. దాని స్థానంలో మరొకటి రాలేదు. వాటాల అమ్మకం వ్యాపారమా, పెట్టుబడా అన్న చిరకాల వివాదాన్ని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2016 ఫిబ్రవరిలో ఒక సర్క్యులర్‌తో చాలావరకు తగ్గించగలిగింది. 12 నెలలకు మించి ఉంచుకున్న నమోదిత వాటాలను చెల్లింపుదారు పెట్టుబడిగా చూపితే శాఖ వివాదం చేయదని, అయితే తరువాతి సంవత్సరాలలో మాట మార్చరాదని అందులో చెప్పారు. స్టాక్ మార్కెట్ మదుపరికి దక్కిన ఈ స్పష్టత పచ్చళ్లు పెట్టే గృహిణికి, వీణ నేర్పే విశ్రాంత ఉద్యోగికి ఎందుకు దక్కకూడదు?

ఏడాదికి ఇంత మొత్తం లోపు గృహ రాబడిని ఇతర మార్గాల ఆదాయంగా చూపుకోవచ్చునని, దాని వల్ల వృద్ధుల ముందస్తు పన్ను మినహాయింపు, పన్ను విధానం ఎంపిక స్వేచ్ఛ పోవని ఒక సర్క్యులర్ వస్తే, ఖజానాకు కలిగే లోటు స్వల్పం. పన్ను ఎలాగూ వసూలవుతుంది. తగ్గేది నోటీసుల భయం, దాపరికపు ప్రలోభం మాత్రమే. చూపించిన రాబడికి శిక్ష పడుతుందన్న భావన ఉన్నంత కాలం చిన్నవారు నగదు చాటునే ఉండిపోతారు. బెంగళూరు దుకాణాల ముందు వెలసిన బోర్డులు ఆ సంగతిని ఇప్పటికే చెప్పాయి.

అంతవరకు స్మృతి నగర్ వంటి కాలనీలలోని పెద్దలు ఒక నోటు పుస్తకం కొనుక్కోవడం మంచిది. సీసాల లెక్క రాసుకున్న ఇల్లాలికి నోటీసు వచ్చినా జవాబు చేతిలోనే ఉంటుంది.